మరోపాలి మాస్టారు

మాస్టారు పోయారని వాళ్లమ్మాయి బొబ్బిలి నుంచి ఫోను చేసి చెబితే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మరోపాలి సూసేరా?" అని.

అనేశాక నాలిక కరుచుకున్నాను. తండ్రి పోయిన మనిషితో అనే మాటేనా అది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే నవ్వు. "సూసేరు పిన్నీ. ఒక డాక్టరు సూసి పోయేరనీసేక, ఇంకో డాక్టర్ని పిలిపించి మరోపాలి సూపించేం. నాన్న ముందే కాయితం మీద రాసి ఎట్టుకున్నారు. అలా సెయ్యకపోతే లేచి కూకుని తిడతారేమోనని బయమేసింది" అంది. ఇద్దరం ఫోన్లోనే నవ్వుకున్నాం, ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. పెట్టేసే ముందు, నా పేరు రాసిన చిన్న పొట్లం ఒకటి బీరువాలో దొరికిందని, కొరియర్లో వేస్తున్నానని చెప్పింది.

మరోపాలి అంటే మా శ్రీకాకుళం వైపు మాట, ఇంకొక్కసారి అని. ఆయన రోజుకి ఎన్నిసార్లు ఆ మాట అనేవారో గానీ, జంషెడ్‌పూర్ తెలుగువాళ్లందరికీ ఆయన మరోపాలి మాస్టారే. హిందీవాళ్లకి 'ఏక్ బార్ ఔర్ సాబ్'. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రం ఉండేది. బడిలో పాఠాలు చెప్పిన మనిషి కూడా కాదు, అయినా మాస్టారే అయ్యారు.

ఆయనదీ నాదీ ఒకటే గది. ఊళ్లో పెద్దాసుపత్రిలో, కింద అంతస్తులో, రెండు మూరల మందం గోడల వెనక కోబాల్టు మిషను ఉండేది. కేన్సరు వచ్చినవాళ్లకి అక్కడ కిరణాలు పెట్టేవారు. మనవాళ్లు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. అది కరెంటు కాదని మాస్టారు కనబడ్డ ప్రతివాడికీ విడమరిచి చెప్పేవారు. ప్రతివాడూ ఓపిగ్గా విని, "సరే బావు, మరి కరెంటు ఎప్పుడెడతారు?" అనేవాడు. రోగం సంగతి డాక్టరు చూసుకుంటాడు. కిరణం ఎంత దూరం నుంచి, ఎంతసేపు, సరిగ్గా ఎక్కడ పడాలి అన్నది మాస్టారి పూచీ. వేలెడు పక్కకి పడిందా, పుండు పుండులాగే ఉంటుంది, బాగున్న చోటు కాలుతుంది. నేను చీటీలు రాసేదాన్ని, రోగుల్ని పిలిచేదాన్ని, ఆయన చెప్పిందల్లా రెండేసి సార్లు చేసేదాన్ని. ఎనభైల మొదట్లో సంగతి ఇది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, ముక్కే కాస్త వంగింది.

రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. జేబులో మూడోది, నొక్కితే ఆగేది. టైమెంతండీ అని అడిగితే ఎడం చెయ్యి చూసుకుని, కుడి చెయ్యి చూసుకుని, ఆ పైన అడిగినవాడి చెయ్యి కూడా చూసేవారు. ఒకరోజు నాకు విసుగొచ్చి, "రెండూ ఒకటే సూపిస్తన్నాయి కదా మాస్టారూ, ఇంకేటి?" అన్నాను.

"రెండూ కూడబలుక్కుని అబద్దమాడతన్నాయేమో. నీకెలా తెలుసమ్మాయ్?" అన్నారు.

నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట రసమట్టం ఉండేది, మేస్త్రీలు వాడే నీటి బుడగది. పొద్దున్నే మిషను కింద బల్ల మీద పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చిందా లేదా చూడ్డం ఆయన ఉద్యోగం, దాన్ని ఎవరూ కాదనరు. ఆయన కేంటీన్లో టీ బల్ల మీద కూడా పెట్టేవారు. బుడగ పక్కకి పోతే ఆ బల్ల దగ్గర కూర్చునేవారు కాదు, నిలబడే తాగేవారు. గోవింద్‌పూర్‌లో మా చెల్లెలి పెళ్లికి పిలిస్తే వచ్చారు. వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోవచ్చు కదా. పీటల దగ్గర వంగి, పెళ్లికొడుకు పీట ఎడం పక్కకి వాలిందని కనిపెట్టి, అట్టముక్క మడిచి పెట్టించారు. పంతులుగారు జీలకర్ర బెల్లం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముహూర్తం దాటిపోతోందని మా నాన్న కేకలేస్తే, మాస్టారు కుడి ఎడమలు చూసుకుని, "ఇంకా మూడు నిమిషాల పదిహేను సెకన్లు ఉందండీ" అన్నారు. పంతులుగారి గడియారమే నాలుగు నిమిషాలు ముందుందట. ఆ దంపతులు ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు, పీటలు సరిగ్గానే ఉన్నాయి.

మిషన్లో ఉండే కోబాల్టు ముక్కకి నెలనెలా కాస్త బలం తగ్గుతుంది. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున కొత్త పట్టిక వేసి గోడకి అంటించేవారు. పోయిన నెల కన్నా ఒక సెకనో రెండో ఎక్కువ. "ఎద్దు ముసల్దయిపోతంది. సేను మాత్రం అదే సేను. మరి కొంచెం సేపు ఎక్కువ దున్నాల కదా" అనేవారు. పాత పట్టికని పదహారు ముక్కలు చేసి, ముక్కలు లెక్కపెట్టి మరీ బుట్టలో వేసేవారు, ఎవరైనా అతికించి వాడేస్తారేమోనని.

శనివారం మధ్యాహ్నం రోగులు ఉండరు. ఆ వేళ నీళ్ల తొట్టె. దాని నిండా నీళ్లు పోసి, కిరణాన్ని కొలిచే పుల్లలాంటి దాన్ని అందులో ముంచి, మిషను వేసి, ఎంత పడుతోందో చూసుకోవడం. "మనిసంటే ముప్పాతిక నీళ్లే అమ్మాయ్. నీళ్లలో సరిగా పడితే మనిసిలోనూ సరిగా పడతాది" అనేవారు. ఆ మనిషిని నింపడానికి నేను నాలుగు బాల్చీలు మోసేదాన్ని. కొలవడం అయ్యాక ఆ నీళ్లు పారబోసి, "మరోపాలి" అనేవారు. మరో నాలుగు బాల్చీలు. శనివారం సాయంత్రానికి నా నడుం సంగతి నాకూ మా ఆయనకీ తెలుసు.

అన్నిటికన్నా జనం నవ్విన సంగతి బియ్యం. మెడ, దవడ, చెవి కింద పల్లం, ఇలా ఎత్తుపల్లాలున్న చోట కిరణం ఒకే లెక్కన లోపలికి దిగదు. ఆ పల్లాల్లో బియ్యం సంచీ కూరి చదును చేస్తారు, బియ్యం కూడా కండలాగే కిరణానికి అడ్డుపడుతుందని. మా దగ్గర ఒక్కో రోగికి ఒక్కో గుడ్డసంచీ, అందులో కడిగి ఎండబెట్టిన బియ్యం సరిగ్గా కిలో. మొదట్లో సంచీలు ఆసుపత్రిలోనే ఉంచేవాళ్లం. ఎలకలు ఒకాయన సంచీని సగం తినేశాక, ఎవరి సంచీ వాళ్లు ఇంటికి పట్టుకెళ్లి రోజూ తెచ్చుకోవాలని మాస్టారు రూలు పెట్టారు. తేగానే నేను తక్కెడలో వేసి తూచి, పుస్తకంలో రాసి, 'తూచినవారు' అన్న గడిలో సంతకం పెట్టాలి. ఆ పక్కన ఇంకో గడి, 'మరోపాలి తూచినవారు'. అది ఆయనది. వరండాలో కూర్చున్న వాళ్లు మమ్మల్ని రేషన్ దుకాణం అనేవారు. "భయ్యా, చీనీ కబ్ ఆయేగా?" అని అడిగేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మాత్రం చక్కెర ఇక్కడ ఇవ్వరని నెమ్మదిగా చెప్పేవారు.

ఇక మా అత్త. మా అత్త అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం అది. మా వైపు ఆడవాళ్లకి ఉన్న అలవాటే. చేలో గాలికి ఆరిపోదని కొందరు, చంటిబిడ్డ మీద నిప్పు రాలదని కొందరు, మామగారికి పొగ కనబడదని కొందరు, ఎవరి కారణం వాళ్లు చెప్పేవారు. మా అత్త రైలెక్కి జంషెడ్‌పూర్ కాపరానికి వచ్చినప్పుడు చుట్టలూ కూడా వచ్చాయి. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా నన్ను తిట్టగలిగేది. ముప్పై ఏళ్లయ్యాక అంగిట్లో పుండు లేచింది. ముక్క తీసి పరీక్ష చేసి, కేన్సరన్నారు. ఆరు వారాలు కరెంటు పెడితే తగ్గే అవకాశం ఉందన్నారు. చుట్ట ముట్టుకుంటే మాత్రం ఇదంతా దండగ అన్నారు.

నాకు అమ్మ లేదు. కాపరానికి వచ్చిన రోజు నుంచీ నా నోటికి సరిపడ్డ నోరు మా అత్తదొక్కటే. ఆవిడ పోతే నాతో పోట్లాడేవాళ్లు ఎవరూ ఉండరని నాకు చచ్చేంత భయమేసింది. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కేది.

అందుకని సీతారాండేరాలో ఉన్న మా రెండు గదుల ఇంట్లో నేను చుట్టల వేట మొదలుపెట్టాను. కందిపప్పు డబ్బాలో ఉన్నాయి. దేవుడి పటం వెనక ఉన్నాయి. మా ఆయన బూట్లో రెండు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, ఆవిడ ఎదురుగా విరిచి, దొడ్లో పారేశాను.

"ఓసి గుంటా, పెనిమిటి బూటులో కూడా ఎతుకుతావేటే. నీకు సిగ్గు నేదేటి?" అంది.

"బూటులో దాసినోలికి నేని సిగ్గు నాకెందుకు?" అన్నాను.

రెండు వారాలు కరెంటు సక్రమంగా సాగింది. మూడో వారం వచ్చేసరికి ఇల్లంతా గాలించినా ఒక్క చుట్టా దొరకలేదు. మానేసిందని పొంగిపోయాను. మా ఆయనకి కూడా చెప్పాను, చూశావా నేను పట్టు పడితే ఎలా ఉంటుందో అని.

ఆ వారంలోనే నేనొక పని చేశాను. మా అత్త సంచీ తూచడం మానేశాను. వానలు, వరండా నిండా రోగులు, ఒకరి మీద ఒకరు పడి అరుపులు. ఇది మన ఇంటి సంచీయే కదా, రోజూ కిలోయే కదా, నేను చూడకపోతే మాస్టారు ఎలాగూ చూస్తారు కదా అనుకున్నాను. సోమవారం తూచకుండా కిలో అని రాసి సంతకం పెట్టాను. మంగళ, బుధ, గురు కూడా అంతే. ఆ వారం మాస్టారు మిషను బల్ల కింద వెల్లకిలా పడుకుని ఉండేవారు, అందులో ఏదో కిర్రుమంటోందని. మా ఎవరికీ వినబడలేదు, ఆయనకి వినబడింది. మిగతావాళ్ల సంచీలు వచ్చినప్పుడు బయటికి వచ్చి తూచి, మళ్లీ దూరేవారు. మా అత్తది వస్తే, "మీ అత్తదేనా?" అని అడిగి, కింద నుంచే చెయ్యి చాపి సంతకం పెట్టేవారు.

శుక్రవారం ఫిలిం తీసే రోజు. రోగిని రోజూ లాగే పడుకోబెట్టి, సంచీ సర్ది, అవతలి పక్క ఫిలిం పెట్టి, కిరణం అనుకున్న చోటే పడుతోందా లేదా అని చూస్తారు. మా అత్తకి తీశారు. కడిగి తెచ్చి దీపం పెట్టె మీద పెట్టారు. మా డాక్టరు బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు. దవడ ఎముక పక్కన ఆరు పలకల తెల్లటి మచ్చ, మధ్యలో గుండ్రటి చిల్లు. దాని పక్కన నాలుగు నల్లటి గీతలు.

"యే తో నట్ హై" అన్నారు డాక్టరు.

జంషెడ్‌పూర్‌లో నట్టుని చూపించి ఇదేంటని ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయా కూడా తలూపింది.

పై అంతస్తు నుంచి ఆపరేషన్ల డాక్టరు వచ్చారు. మింగి ఉంటుంది, గొంతులో ఇరుక్కుంది, ఆ నల్ల గీతలు లోపల పడ్డ చీలికలేమో అన్నారు. థియేటరు ఖాళీ ఉందా అని ఒకరు ఫోను తీశారు. ఇంకొకరు మా అత్త చెవి దగ్గర వంగి, "మాసీ, లోహా ఖాయా క్యా?" అని అడిగారు.

మా అత్తకి హిందీ కొంచెమే వచ్చు. ఉన్న కొంచెంలో చెప్పింది. "హమ్ గరీబ్ ఆద్మీ బాబూ. లోహా నై ఖాతా. భాత్ ఖాతా." బీదవాళ్లం, ఇనుము తినం, అన్నం తింటాం అని.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అంగిట్లో పుండు చాలక గొంతులో నట్టు కూడానా అని మా ఇంటి దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. మా ఆయన ఆదిత్యపూర్‌లో లేతు మిషన్ల షెడ్డులో పని చేసేవాడు. మా ఇంట్లో ఉప్పుకి కరువు రావచ్చు గానీ నట్లకి ఎప్పుడూ రాలేదు. ఏ పప్పులో పడి ఉడికిపోయిందో అనుకున్నాను.

"మరోపాలి తీద్దుమా?" అన్నారు మాస్టారు.

అందరూ ఒక్కసారే నిట్టూర్చారు. "కనబడుతోంది కదండీ" అన్నారు ఆపరేషన్ల డాక్టరు హిందీలో. మాస్టారు ఆ మాట వినిపించుకోలేదు. మా అత్తని మళ్లీ పడుకోబెట్టి, ఈసారి బియ్యం సంచీ తీసేసి, ఫిలిం తీశారు. కడిగే వరకూ రెండు వాచీలూ చూసుకుంటూ నిలబడ్డారు. రెండో ఫిలింలో దవడ ఉంది, పళ్లు ఉన్నాయి, ఉన్నవి నాలుగే అనుకోండి. నట్టు లేదు.

మాస్టారు సంచీని తక్కెడలో వేశారు. కిలో మీద నలభై గ్రాములు ఎక్కువ తూగింది. బ్లేడుతో కుట్టు విప్పి పళ్లెంలో వంచారు. బియ్యం పడ్డాయి, టంగుమని నట్టు పడింది, హిందీ పేపరు ముక్కలో చుట్టిన చుట్టలు నాలుగు పడ్డాయి.

అందరూ మా అత్తని చూశారు. ఆవిడ నన్ను చూసింది, తప్పంతా నాదే అన్నట్టు.

"వానాకాలం కదా బావు. సెమ్మెక్కకుండా బియ్యంలో ఎట్టేను" అంది మాస్టారితో. "ఈ గుంట ఇంట్లో ఒక్క సోటు ఒగ్గలేదు. కరెంటు సంచీ అయితే ఇప్పదనుకున్నాను."

"మరి నట్టేటమ్మా?"

"సుట్టలెట్టడానికి గుప్పెడు బియ్యం తీసేను. మీరు రోజూ తూత్తారు. తీసినంత బరువు మళ్లా ఎట్టాలా, వద్దా? సేతి అంచనాకి సరిపోయిందనుకున్నాను. నాను దొంగతూకం మనిసిని కాను బావు."

"తీసిన బియ్యం?"

"పారేత్తానేటి. వండీసేను. ఈ గుంటే రెండుపాలు ఎట్టించుకుని తిన్నాది."

డాక్టర్లు, ఆయా, వరండాలోంచి తొంగి చూస్తున్న రోగులు, అందరూ పడిపడి నవ్వారు. ఆపరేషన్ల డాక్టరు కళ్లు తుడుచుకుంటూ పైకి వెళ్లిపోయారు. నవ్వనిది మాస్టారొక్కరే. ఆయన మా అత్త పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, ఎండలో వడియాలు ఎడతావు. మధ్యలో గొడుగు నిలబెడితే ఆ గొడుగు కింద వడియం ఎండుతాదేటి? ఈ నట్టు నీడ నీ పుండు మీద పడతంది. ఇన్నాళ్లు నీ కోడలు నిన్ను వానలో ఇక్కడికి లాక్కొచ్చింది ఊరికినే" అన్నారు.

మా అత్త నోరు మూసుకుంది. నేను చూసిన మొదటిసారి అదే. కాసేపటికి నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది, వదల్లేదు.

"ఎప్పుడెట్టేవు దీన్ని?" అని అడిగారు మాస్టారు.

"సోమారం" అంది.

ఆయన లేచి పుస్తకం తెరిచారు. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు కిలోలు, నాలుగు నా సంతకాలు, పక్కన నాలుగు ఆయనవి. "అమ్మాయ్, ఈ నాలుగు రోజులూ తూసేవా?" అన్నారు.

తూచానని చెప్పి ఉండవచ్చు. తక్కెడ పాతదైపోయిందని అనవచ్చు. ఆయన మొహం చూశాక నోరు రాలేదు. "లేదు మాస్టారూ. మీరు సూత్తారు కదా అని తూచలేదు" అన్నాను.

ఆయన తన నాలుగు సంతకాల మీదా వేలు పెట్టి చూపించారు. "నువ్వు సూసుంతావు కదా అని నాను సూడలేదు. సొంత అత్త కదా, నాకన్నా నువ్వే బాగా తూత్తావనుకున్నాను" అన్నారు. తర్వాత తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నారు. "రెండు గడియారాలూ కూడబలుక్కున్నాయమ్మాయ్" అన్నారు.

అక్కడే ఎర్ర సిరాతో రాశారు. నాలుగు రోజులు ఈ సంచీ తూచలేదు, మొదట తూచవలసిన ఆమె తూచలేదు, మరోపాలి తూచవలసిన నేనూ తూచలేదు, అని. కింద సంతకం పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లారు. "ఇదంతా రాయాలా? ఎవరికి తెలుస్తుంది?" అన్నారట ఆయన. "రాయకపోతే ఈ పుస్తకంలో మిగతా కిలోలు కూడా నమ్మక్కర్లేదు కదండీ" అన్నారట ఈయన. ఇద్దరికీ చెరొక మెమో వచ్చింది. నాది నేను చింపి పారేశాను. ఆయనది తెచ్చి, గోడ మీద నెల పట్టిక పక్కన అంటించుకున్నారు. వంకర లేకుండా రసమట్టం పెట్టి చూసుకుని మరీ అంటించారు.

మర్నాడు శనివారం. నట్టుని అదే సంచీలో అలాగే పెట్టి, తొట్టె మీద వేసి, కిరణం ఎంత తగ్గిందో కొలిచారు. సంచీ కాస్త జరిపి కొలిచారు, మళ్లీ జరిపి కొలిచారు. ఆ రోజు ఆయన అడక్కుండానే నేను పన్నెండు బాల్చీలు మోశాను. పుండుకి ఎంత అందలేదో తేలితే గానీ ఎంత ఎక్కువ పెట్టాలో తేలదు. తక్కువ పెడితే పుండు మానదు, ఎక్కువ పెడితే దవడ పాడవుతుంది. నాకు అన్నం సయించలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. మా అత్త ఏ రోజూ కుదురుగా ఒక్కలా పడుకునే రకం కాదు కాబట్టి నీడ ఒక్కచోటే పడలేదని, అదే ఆవిడ అదృష్టమని చెప్పారు. డాక్టరు ఆ లెక్క చూసి, రెండు రోజులు ఎక్కువ పెడదామన్నారు.

సోమవారం మేం వెళ్లేసరికి తక్కెడ పక్కన కొత్త స్టూలు ఉంది. "కూకోండమ్మా. ఈ రోజు నుంచి అందరి సంచీలూ మీరు తూస్తారు, మీ కోడలు మరోపాలి తూస్తాది, నాను ఇంకోపాలి తూస్తాను" అన్నారు మా అత్తతో.

"దొంగ సేతికి తాళాలిచ్చినట్టు ఉంది మాస్టారూ" అన్నాను.

"దొంగకి తెలిసినన్ని దార్లు మనకి తెలీవమ్మాయ్" అన్నారు.

మా అత్త కొంగు బిగించి కూర్చుంది. కరెంటు అయిపోయేదాకా వరండాలో ఒక్కడూ నవ్వలేదు, నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. రెండో రోజే ఒక ముసలాయన సంచీ ఎత్తగానే, "ఇదేటి గాల్లో లేచిపోతంది?" అని కుట్టు విప్పింది. లోపల మరమరాలు. మోయడానికి తేలిగ్గా ఉంటుందని నింపాడట. ఆయన మీద తెలుగులో విరుచుకుపడింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ మర్నాడు కిలో బియ్యం సరిగ్గా తెచ్చాడు.

కరెంటు అంతా అయిపోయిన రెండు నెలలకి డాక్టరు టార్చి వేసి అంగిట్లోకి చూశారు. "కుఛ్ నహీ హై" అన్నారు, ఏమీ లేదని. మాస్టారు ఆ వెనకే నిలబడి ఉన్నారు. ఏమంటారో అందరికీ తెలుసు కాబట్టి, డాక్టరు ఆయన అడక్కుండానే మళ్లీ టార్చి వేశారు. లేదు. మా అత్త ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది, పదకొండేళ్లూ నాతో పోట్లాడింది. వెలిగించని చుట్ట ఒకటి నోట్లో పెట్టుకుని తిరిగేది. నిప్పు లేకపోయినా దాన్ని తిరగేసే పెట్టుకునేది.

పొట్లం నిన్న వచ్చింది. చిన్న గుడ్డసంచీ, చేత్తో కుట్టినది. విప్పితే నట్టు. తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టారు. దారంతో కట్టిన అట్టముక్క మీద ఆయన చేతిరాత. 'నట్టు. నూట పదహారు గ్రాములు.' మా అత్త చదివింపుల తూకమే పెట్టిందన్నమాట. దాని కింద 'తూచినవారు' అని, ఆయన సంతకం. దాని కింద 'మరోపాలి తూచినవారు' అని, ఖాళీ. నలభై ఏళ్లు ఆ గడి అలాగే ఉంచారు.

మా వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్లాను. ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెడితే నూట ఇరవై ఒకటి చూపించింది. ఇరవై ఏళ్లుగా అక్కడే సరుకులు కొంటున్నాను. ఆ సేఠ్‌తో నేనన్న మాటలు ఇక్కడ రాయను. అక్కణ్ణుంచి బంగారం కొట్టుకి వెళ్లాను. ఆయన అద్దాల డబ్బాలో పెట్టి తూచి, నూట పదహారు అన్నాడు. "ఏక్ బార్ ఔర్" అన్నాను. "మాతాజీ, ఈ మిషను తప్పు చూపించదు" అన్నాడు. అయినా సరే అన్నాను. మళ్లీ తూచాడు. నూట పదహారు.

అక్కడే పెన్ను అడిగి తీసుకున్నాను. ఏడుపొచ్చింది, అక్షరాలు కొంచెం ఎడం పక్కకి వాలాయి. సంతకం పెట్టాను. ఈసారి తూచే పెట్టాను మాస్టారూ.